బండి స్టార్ట్ కాకపోతే అది కర్మేనా?



ఈ వారం ఒక చిన్న ప్రశ్న. చిన్నదే గానీ పట్టుకుని లోపలికి వెళ్తే చాలా దూరం తీసుకెళ్తుంది. పొద్దున్న తొమ్మిదిన్నర అయింది. ఆఫీసుకు ఇప్పటికే లేటు. బండి స్టార్ట్ కావడం లేదు. మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏంటి?

మన ఇళ్ళలో, మన సందుల్లో వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. "పొద్దున్నే ఎవరి మొహం చూశానో." "ఈ మధ్య టైం అస్సలు బాలేదు." "ఎవరిదో దిష్టి తగిలింది." వీటన్నిటికీ పెద్దన్న లాంటి మాట ఇంకొకటి ఉంది. "నా ఖర్మ."

సరదాగా అన్నంత వరకు వీటితో ఇబ్బంది లేదు. కానీ ఇవే మాటలు బండి మీద నుంచి మెల్లగా మనుషుల మీదకి వస్తాయి. ఉద్యోగం రాని కుర్రాడిని చూసి "వాడి ఖర్మ" అంటాం. ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లి దగ్గర "ఏ జన్మలో ఏం చేసిందో" అని గొంతు తగ్గించి అంటాం. అప్పుడు అది సరదా మాట కాదు, ఒక మనిషి మీద వేసిన తీర్పు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో వెతకడమే నా ఉద్యోగం. అమీర్‌పేట, పంజాగుట్ట మధ్యలోనే చాలా ఏళ్ళు గడిపాను, ఇప్పటికీ ఆ దారిలోనే తిరుగుతాను. దేవుణ్ణి నమ్ముతాను. ఈ రెండూ కలిసిన చోట నాకు ఎప్పుడూ తగిలే ప్రశ్న ఇది. కారణం వెతకడం ఎంతవరకు మన పని? "దైవం" అనే మాట ఎప్పుడు అనాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరి గురించి అనాలి?

ముందు బండి సంగతి చూద్దాం

పెట్రోల్ ఇంజన్ తిరగాలంటే నాలుగు కావాలి. పెట్రోల్, గాలి, నిప్పురవ్వ, కంప్రెషన్. కంప్రెషన్ అంటే పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం సిలిండర్‌లో గట్టిగా నొక్కుకోవడం. ఈ నాలుగూ సరైన క్షణంలో కలవాలి. ఒక్కటి తప్పినా బండి కదలదు.

అమీర్‌పేటలో ఒక సందులో షెడ్ నడిపే పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర నేను చాలాసార్లు కూర్చున్నాను. బండి తోసుకుంటూ ఎవరొచ్చినా ఆయన ముందు స్పానర్ ముట్టుకోడు. చుట్టూ ఒకసారి చూస్తాడు. "తమ్మీ, ముందుగాల మంచిగ చూడాలె. విప్పుడు ఎప్పుడైనా విప్పొచ్చు" అంటాడు.

మొదట కిల్ స్విచ్. కుడి హ్యాండిల్ దగ్గర ఎర్రగా ఉండేది. మన దగ్గర పార్కింగ్ అంటే తెలుసు కదా, ఒక బండికి ఇంకో బండి ఆనుకుని ఉంటుంది. వాచ్‌మన్ పక్కకి జరిపేటప్పుడు ఎవరి చెయ్యి తగిలినా ఆ స్విచ్ పడిపోతుంది. తర్వాత సైడ్ స్టాండ్. ఇప్పటి చాలా బళ్ళలో స్టాండ్ కింద ఉండి గేర్ పడి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు. తర్వాత న్యూట్రల్ లైట్. తర్వాత ట్యాంక్ మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి చూడటం. మీటర్ చెప్పేదానికన్నా ఆ చప్పుడు నిజం.

ఆ తర్వాత తాళం తిప్పి వినాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళలో ఎక్కువ శాతం కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో చాలావాటికి తాళం తిప్పగానే ట్యాంక్ వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా మోటార్ శబ్దం వస్తుంది. అది ఫ్యూయల్ పంప్. ఎప్పుడూ వచ్చే ఆ శబ్దం ఇవాళ రాకపోతే ఫ్యూజో, రిలేనో, పంపో చూడాలి. శబ్దం వచ్చి, సెల్ఫ్ నొక్కితే టకటకమని ఊరుకుంటే బ్యాటరీ డౌన్ అయ్యుండాలి, లేదా టెర్మినల్ లూజై తుప్పు పట్టి ఉండాలి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటర్‌లో 12.6 పైన చూపిస్తుంది. 12 కన్నా దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే.

సెల్ఫ్ బలంగా తిరుగుతోంది, కానీ ఇంజన్ అందుకోవడం లేదు. అప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పాలి. ప్లగ్ తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు అంటుకోవడం లేదు. పొడిగా ఉంటే అసలు పెట్రోలే రావడం లేదు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువైందో, గాలి తక్కువైందో.

వానాకాలం సంగతి వేరే. మైత్రీవనం దగ్గర గట్టి వాన పడితే నీళ్ళు ఎలా నిలుస్తాయో ఆ దారిలో తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో బండి ఆగిపోతే సెల్ఫ్ అస్సలు నొక్కకూడదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే మనం నొక్కిన సెల్ఫే కనెక్టింగ్ రాడ్‌ని వంచేయగలదు. బండిని మెరక మీదకి తోసుకెళ్ళి, ప్లగ్ విప్పించి, నీళ్ళు బయటికి తీయించాలి. అంటే ఒక్కోసారి "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అన్నది తప్పుడు సలహా.

ఒక విషయం గమనించారా? ఇక్కడ ప్రతి అడుగూ ఒక ప్రశ్న. ప్రతి జవాబూ కొన్ని కారణాలను పక్కన పెట్టేస్తుంది. పెద్దాయన ఏమీ ఊహించడు. ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్తాడు.

గీతలో ఉన్న లిస్టు

ఇలాంటి లిస్టే ఒకటి భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు ఉంటాయని కృష్ణుడు అర్జునుడికి చెప్తాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం.

అధిష్ఠానం అంటే పని జరిగే ఆధారం. శంకరాచార్యులు దీన్ని శరీరం అని వివరించారు. మన ఉదాహరణలో బండి అనుకోండి. కర్త అంటే చేసేవాడు, బండి మీద కూర్చున్నవాడు. కరణాలు అంటే సాధనాలు. బ్యాటరీ, ప్లగ్, పంప్, స్విచ్‌లు. చేష్టలు అంటే ఆ సాధనాలు చేసే వేర్వేరు పనులు. పెట్రోల్ రావడం, రవ్వ పుట్టడం, అన్నీ సరైన క్షణంలో కలవడం. ఇక దైవం. ఇంద్రియాలను నడిపే అధిదేవతలని శంకరులు అన్నారు. లోపలుండి నడిపించే పరమాత్మ అని రామానుజులు అన్నారు. ఎలా తీసుకున్నా అది మన చేతిలో లేని భాగం.

నాకు ఈ లిస్టులో బాగా నచ్చేది దాని వరస. దైవం ఐదోది. మొదటిది కాదు. అలాగని లిస్టులో లేకుండా పోలేదు కూడా.

"నా ఖర్మ" అనేవాడు ఒకేసారి ఐదుకి దూకేస్తున్నాడు. కిల్ స్విచ్ చూడలేదు, ట్యాంక్ ఊపి చూడలేదు, నేరుగా దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు. చూడటానికి ఇది భక్తిలాగే ఉంటుంది. నిజానికి బద్ధకం భక్తి వేషం వేసుకుంది.

ఇది బండికే అయితే పోయేది ఒక పూట ఆఫీసు. 2007 సెప్టెంబర్‌లో పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్‌లో కొంత భాగం కూలింది. కింద వెళ్తున్నవాళ్ళ ప్రాణాలు పోయాయి. ఆ రోజు గట్టి వాన. "వాన పడింది, విధి రాత" అనేసి ఊరుకోవచ్చా? అలా ఊరుకుంటే రేపు ఇంకో ఫ్లైఓవర్ కింద ఇంకొకరు నడుస్తుంటారు. కారణం వెతక్కుండా దైవం పేరు చెప్పడం ఒక్కోసారి అధర్మం కూడా.

"దిష్టి తీశాక స్టార్ట్ అయింది కదా!"

ఇది మీలో చాలామంది అడుగుతారని నాకు తెలుసు. బండి ఎంతకీ స్టార్ట్ కాలేదు. అమ్మ కిందకి వచ్చి నిమ్మకాయతో దిష్టి తీసింది. పది నిమిషాల తర్వాత ఒక్క కిక్‌కి స్టార్ట్ అయింది. మరి దీన్నేమంటారు?

దీనికి జవాబు మన తెలుగువాడే ఇచ్చాడు. పదిహేడో శతాబ్దానికి చెందిన అన్నంభట్టు. తర్కసంగ్రహం రాసినాయన. సంస్కృతంలో తర్కం నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని పండితుల్లో ఒక నానుడి ఉంది. అంత పేరు ఆయనది.

కారణాన్ని పట్టుకోవడానికి మన తార్కికులు రెండు పరీక్షలు పెట్టారు. అన్వయం, వ్యతిరేకం. ఇది ఉన్నచోట అది ఉందా? ఇది లేనిచోట అది లేకుండా పోయిందా? పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులో లాగా. రెండూ నిలబడితేనే సంబంధం ఒప్పుకోవాలి. లేకపోతే అది కాకతాళీయం. కాకి వచ్చి వాలిన క్షణంలోనే తాటిపండు రాలింది, అంతే. కాకి రాల్చలేదు.

ఇప్పుడు దిష్టి దగ్గరికి వద్దాం. కార్బొరేటర్ బండికి చోక్ వేసి ఆపకుండా కిక్ కొడితే పెట్రోల్ ఎక్కువై ప్లగ్ తడిసిపోతుంది. అప్పుడు ఎంత కొట్టినా లాభం లేదు. కాసేపు వదిలేస్తే ఆ పెట్రోల్ ఆరిపోతుంది, బండి స్టార్ట్ అవుతుంది. అమ్మ దిష్టి తీసిన ఆ పది నిమిషాలూ మీరు కిక్ కొట్టలేదు. దిష్టి తీయకుండా పది నిమిషాలు ఊరికే కూర్చున్నా స్టార్ట్ అయ్యేది. ఇది వ్యతిరేక పరీక్ష.

అమ్మ చేసిన పని వృథా అని నేను అనను. చెమటతో, కోపంతో కిక్ కొడుతున్న కొడుకుని కాసేపు ఆపింది. మనసు చల్లబడింది. మంచి పూజ చేసే పని కూడా ఇదే. బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించినా, దసరాకి ఆయుధపూజ చేసినా, మనం గౌరవిస్తున్నది కరణాలను, అంటే మనల్ని మోసే సాధనాలను. ఆ రోజు బండి కడుగుతాం, చెయిన్ చూస్తాం, టైర్ చూస్తాం. పూజ శ్రద్ధని నేర్పాలి. చూడాల్సినవి చూడకుండా ఉండటానికి అది సాకు కాకూడదు.

ఇంకో వైపు తప్పు

ఇక్కడి వరకు చదివి కొందరు హేతువాదులు సంతోషిస్తారు. "అంతే బ్రదర్, దైవం లేదు ఏం లేదు, అంతా మన చేతుల్లోనే ఉంది." ఆగండి. కృష్ణుడు ఆ ఐదు కారణాలూ చెప్పిన వెంటనే ఇంకో మాట అంటాడు. ఇన్ని కారణాలు ఉండగా తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని.

ఈ మాట గెలిచినవాడి గర్వానికి చెప్పిందని మనం అనుకుంటాం. నాకు మాత్రం ఇది ఓడినవాడికి ఓదార్పుగా వినపడుతుంది. అంతా నా వల్లే జరిగింది అనుకోవడం ఎంత తప్పో, అంతా నా వల్లే పోయింది అనుకోవడమూ అంతే తప్పు.

ఎందుకు అలా అంటున్నానో చెప్తాను.

2020 మార్చిలో నేను అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోర్సు చేస్తున్నాను. బీటెక్ అయ్యాక మనలో ఎంతమంది ఆ దారిలో నడవలేదు! మైత్రీవనం చుట్టూ బోర్డులు, చేతిలో నోట్సు, సాయంత్రం టీ బండి దగ్గర ఓపెనింగ్స్ కబుర్లు. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు. పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్ వైపు పోలీస్ స్టేషన్ల ముందు ఊళ్ళకి వెళ్ళే పాసుల కోసం పిల్లలు వందల్లో నిలబడ్డారు. పాసు దొరికినా చాలామంది ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోయారు.

నా రూమ్మేట్ ప్రకాశం జిల్లావాడు. తన బండిని హాస్టల్ సెల్లార్‌లో పెట్టి, దొరికిన కారులో ఊరికి వెళ్ళాడు. కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చాడు. బండి మీద దుమ్ము వేలి మందం. తాళం తిప్పితే లైటు కూడా వెలగలేదు. ఇద్దరం కలిసి ఆ పెద్దాయన షెడ్‌కి తోసుకెళ్ళాం.

ఆయన చూశాడు. బ్యాటరీ చచ్చిపోయింది. పాత పెట్రోల్ తీసేశాడు. ప్లగ్ శుభ్రం చేశాడు. వేరే బ్యాటరీ కలపగానే బండి అందుకుంది. మావాడు భయంగా అడిగాడు. "అన్నా, నేనేమైనా తప్పు చేశానా?"

ఆయన నవ్వాడు. "నువ్వేం జేస్తవ్ తమ్మీ. నిలవడ్డ బండి ఊకెనే డౌన్ అయితది."

నిజమే. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను కొంచెం కొంచెం ఖాళీ అవుతుంది. గడియారం, లోపలి ఎలక్ట్రానిక్స్ ఇంకొంచెం తాగుతాయి. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే బండి చచ్చిపోతుంది. దానికి కావాల్సిందల్లా నిలబడిపోవడం.

ఆ రాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం సంగతి అడిగారు. జాతకం ఎవరికో చూపించారట, ఏదో దోషం ఉందన్నారట. ఆ ఏడాది చాలా కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశాయి, ఇచ్చిన ఆఫర్లు కూడా వాయిదా వేశాయి. వాళ్ళకి అదేమీ తెలియదు పాపం. ఫోన్ పెట్టేశాక మావాడు చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అన్నాడు.

"మామా, బండికి ఏం కాలేదంట, నిలబడిపోయిందంట. మరి నాకేంటి రా, దోషం అంటున్నారు?"

దోషం. ఒకే మాట. మెకానిక్ నోట్లో అది పార్టులో ఉన్న లోపం, చూపిస్తే బాగుచేసేది. మనం మనిషి మీద వాడితే అదే మాట ముద్ర అయిపోతుంది. బండికి ఇచ్చే పాటి న్యాయం మనిషికి ఇవ్వలేమా?

2021లో కంపెనీలు మళ్ళీ జోరుగా తీసుకోవడం మొదలుపెట్టాక వాడికి ఉద్యోగం వచ్చింది. చుట్టాలు "హమ్మయ్య, దోషం పోయింది" అన్నారు. కాకి, తాటిపండు.

అంటే కర్మ సిద్ధాంతం అబద్ధమా?

నేను అలా అనడం లేదు. చేసిన దానికి ఫలితం ఉంటుందని నేనూ నమ్ముతాను. కానీ సూత్రాన్ని నమ్మడం వేరు, ఒక మనిషి ఖాతా పుస్తకం చదివినట్టు మాట్లాడటం వేరు.

బండితోనే చూడండి. "పెట్రోల్ లేకపోతే బండి స్టార్ట్ కాదు." ఇది నిజం. "బండి స్టార్ట్ కాలేదు, కాబట్టి పెట్రోల్ లేదు." ఇది తప్పు. పెట్రోల్ ఉండి ప్లగ్ పోయుండొచ్చు, స్విచ్ పడుండొచ్చు. సూత్రం ఒక వైపే నడుస్తుంది, తిప్పి చదవకూడదు. మన తర్కశాస్త్రంలో దీనికి పాత ఉదాహరణ ఉంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పు ఉంటే పొగ ఉండి తీరాలా? అక్కర్లేదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు.

అలాగే, పాపం చేస్తే బాధ వస్తుందని ఒప్పుకున్నా, బాధ పడుతున్నాడు కాబట్టి పాపం చేశాడు అనడం తిప్పి చదవడమే. లేదండీ, ప్రతి బాధ వెనకా ఏదో పాత కర్మ ఉంటుంది అని మీరు గట్టిగా అనొచ్చు. సరే. ఏ కర్మ? ఎప్పటిది? మీరు కంటితో చూశారా? ఊహించడానికి గుర్తు ఏదైనా ఉందా? ఫలానా మనిషి ఫలానా పాపం వల్ల ఈ బాధ పడుతున్నాడని ఏ శాస్త్రంలోనైనా పేరు పెట్టి రాసి ఉందా? ప్రత్యక్షం లేదు, అనుమానం లేదు, శబ్దం లేదు. ప్రమాణం ఏదీ లేకుండా చెప్పినదాన్ని జ్ఞానం అనరు. కర్మ గతి చాలా లోతైనదని కృష్ణుడే అన్నాడు. ఆయన లోతు అన్నదాన్ని మనం ఆసుపత్రి వరండాలో రెండు నిమిషాల్లో తేల్చేస్తున్నాం.

ద్రౌపది చెప్పిన రైతు

మరి దైవం అనే మాట ఎప్పుడు అనాలి? దీనికి నాకు తెలిసిన చాలా అందమైన జవాబు మహాభారతం వనపర్వంలో ఉంది. చెప్పింది ద్రౌపది. రాజ్యం పోయి అడవిలో ఉన్నారు. ధర్మరాజు ఓర్పు గురించి మాట్లాడుతున్నాడు. ద్రౌపది ఊరుకోలేదు. అంతా దైవం అని కూర్చునేవాడు, అంతా ఊరికే జరిగిపోతుందని కూర్చునేవాడు ఇద్దరూ చెడతారని చెప్తుంది. నువ్వుల్లో నూనె ఉంది, ఆవులో పాలు ఉన్నాయి, కట్టెలో నిప్పు ఉంది, వాటిని బయటికి తెచ్చే ఉపాయం తెలివితో తెలుసుకోవాలి అంటుంది. ప్లగ్ విప్పి చూసే మెకానిక్ చేసేది అదే కదా.

తర్వాత ఒక రైతు సంగతి చెప్తుంది. నాగలితో నేల దున్నాడు. విత్తనం వేశాడు. ఇక మాట్లాడకుండా కూర్చున్నాడు, ఎందుకంటే మిగతాది వాన పని. వాన రాకపోతే ఆ రైతు తప్పు లేదు. అందరూ చేసేది నేనూ చేశాను, నాలో లోపం లేదు అని అతను తనకి తాను చెప్పుకోవచ్చు.

ఐదో కారణం అసలు పని ఇదని నాకు అనిపిస్తుంది. దున్నకముందు దైవం అంటే సాకు. దున్నాక దైవం అంటే ఊపిరి. నాలుగూ చూసుకున్నాక కూడా పని జరగకపోతే, "ఇది నా ఒక్కడి చేతిలో లేదు" అని తలవంచి పక్కకి జరగొచ్చు. ఆ రాత్రి నిద్ర పట్టాలంటే ఆ మాట కావాలి. దైవం మీద భారం వేయడం అంటే ఇదే. అయితే దాన్ని ఎవరు అంటున్నారన్నది కూడా ముఖ్యం. వాన రాలేదు, నా తప్పు లేదు అన్నది రైతే. గట్టు మీద నిలబడి చూస్తున్నవాడు "నీ ఖర్మ" అంటే అది వేరే మాట.

ఎదుటివాళ్ళ బండి

అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటి చెప్తాను, నచ్చితే మీరూ పెట్టుకోండి. నా బండి ఆగితే మొదటి నాలుగూ చూసుకుని, ఆ తర్వాతే ఐదోది అనుకుంటాను. ఎదుటివాళ్ళ బండి ఆగితే ఐదోది నేను చెప్పను. మొదటి నాలుగింటిలో నా చెయ్యి ఎక్కడ పనికొస్తుందో చూస్తాను.

హైదరాబాద్ రోడ్ల మీద ఈ ధర్మం రోజూ కనిపిస్తుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఎవరి బండో ఆగిపోతుంది. వెనక నుంచి ఎవరో తెలియనివాడు వచ్చి "పెట్రోలా, ప్లగ్గా?" అని ఒక్క ముక్క అడుగుతాడు. తర్వాత తన కాలు ఆ బండి ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, తన బండితో మెల్లగా తోసుకుంటూ బంకు దాకా తీసుకెళ్తాడు. ట్రాఫిక్‌లో అది ప్రమాదమే, జాగ్రత్తగా చేయాల్సిన పని. కానీ ఆ కాలు గురించి ఆలోచించండి. మన ఇళ్ళలో ఎవరికైనా కాలు తగిలితే వెంటనే తాకి కళ్ళకు అద్దుకుంటాం. ఇక్కడ ఒకరి బండికి కాలు ఆనించడమే సేవ. అలా తోసినవాడు ఎవడూ "నీ టైం బాలేదు" అనడం నేను ఇంతవరకు వినలేదు.

అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకి వెళ్తే నిమ్స్. ఆ గేటు దగ్గర రోజూ ఎన్ని ఊళ్ళ నుంచి ఎంతమంది దిగుతారో చూడండి. చేతిలో రిపోర్టుల కవరు, భుజం మీద సంచి, మొహంలో "మాకే ఎందుకు" అన్న ప్రశ్న. లోపల డాక్టర్ ఒక్కొక్క పరీక్షా చేయించి కారణం వెతుకుతాడు. బయట కూర్చున్నవాళ్ళకి కారణం చెప్పడం మన పని కాదు. టీ తెచ్చి ఇవ్వొచ్చు. ఏ బ్లాకుకి వెళ్ళాలో చూపించొచ్చు. రక్తం ఇవ్వొచ్చు. ఏమీ చేతకాకపోతే పక్కన కూర్చోవచ్చు.

మీ చుట్టూ కూడా నిలబడిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. కోర్సు అయిపోయి ఉద్యోగం రాని తమ్ముడు, సంబంధం కుదరని అక్క, పరీక్ష తప్పిన పక్కింటి అబ్బాయి. ఈ వారం వాళ్ళకి ఒక ఫోన్ చేయండి. దోషం, టైం, ఖర్మ, ఈ మూడు మాటలూ పక్కన పెట్టి మాట్లాడండి. "ఎక్కడ ఆగింది? నేను ఏం చేయగలను?" అని అడగండి. జవాబు వినండి.

శుభం.